ఏ అని విన్నాను

గుర్రం పేరు ఇక్కడ రాయను. అది మా అమ్మాయి పెట్టుకున్న పేరు. నా నోటి వెంట ఆ పేరు రావద్దని ఆమె ఎప్పుడూ అనలేదు. నేను పలికినప్పుడల్లా లేచి పక్క గదిలోకి పోతుంది, అంతే. అందుకని గుర్రం అనే రాస్తాను.

అసలు మా ఇంటికి గుర్రం ఎలా వచ్చిందో ముందు చెప్పాలి, లేకపోతే నన్నేదో జమీందారు అనుకుంటారు. నేను కరీంనగర్ జిల్లా నుంచి బ్లూ కార్డు వీసా మీద జర్మనీకి వచ్చిన సాఫ్ట్‌వేర్ వాణ్ణి. మేముండే ఊరు కార్ల్స్‌రూహె నుంచి ట్రామ్‌లో ఇరవై అయిదు నిమిషాలు. ఊరి చివర, ట్రామ్ ఆఖరి స్టాపు దాటాక, ఒక గుర్రాల కొట్టం ఉంది. మా అమ్మాయి ఎనిమిదో ఏట మొదటిసారి అక్కడికి పోయింది. పదకొండేళ్ళు వచ్చేసరికి అక్కడే పుట్టినట్టు తిరిగేది. లద్దె ఎత్తడం, గిట్టలు శుభ్రం చేయడం, ఎండుగడ్డి మోయడం, ఏ పని చెప్పినా చేసేది. ఇంట్లో తాను తిన్న కంచం తీయమంటే మాత్రం "గ్లైష్" అనేది. గ్లైష్ అంటే ఇప్పుడే అని అర్థం. మా ఇంట్లో దానికి ఎప్పటికీ కాదు అని అర్థం.

కొట్టం యజమానురాలు అరవై దాటిన మనిషి, మాట తక్కువ. ఆమే ఒకరోజు చెప్పింది, నల్ల అడవి కొండల్లో ఒక రైతు గుర్రాలు పెంచి అమ్ముతాడని, అతని దగ్గర రెండేళ్ళ మగ గుర్రం ఒకటి ఉందని, మా అమ్మాయి దాన్ని చిన్నప్పటి నుంచే చేతిలో పెట్టుకుని నేర్పుకోవచ్చని. బంగారు రంగు ఒళ్ళు, తెల్లటి జూలు, పొట్టి కాళ్ళు. మా అమ్మాయి దాన్ని చూసింది. ఇక ఇంట్లో వేరే మాట లేదు.

నేను ఒప్పుకున్నది అమ్మాయి కోసమే అని అందరికీ చెప్పాను. నిజం అంతకంటే చిన్నది. మనవాళ్ళు పండక్కో పుట్టినరోజుకో కలిసిన చోటల్లా ఇళ్ళు కొన్న కబుర్లే. ఎవరి మేడ ఎన్ని అంతస్తులు, ఎవరి తోట ఎంత. ఇల్లు లేనివాణ్ణి నేనొక్కణ్ణే. అయితే గుర్రం ఉన్నవాడు మాత్రం అందులో ఒక్కడూ లేడు. గుర్రం కొన్నాక నేను గదిలోకి అడుగు పెట్టగానే "ఏం పటేలా, గుర్రమెట్లున్నది?" అని పలకరించేవాళ్ళు. ఎగతాళే అది, నాకు తెలుసు. కానీ నేను మీసం మీద చెయ్యి వేసుకునే జవాబు చెప్పేవాణ్ణి.

కొనేటప్పుడు ఆ రైతు గుర్రాన్ని నాలుగడుగులు నడిపించి చూపించాడు. వెనక కాలు ఒకటి కొంచెం ఆలస్యంగా పడింది. ఇదేమిటి అన్నాను. ఇంకా పిల్లది, ఒళ్ళు ముందు పెరిగింది, కాళ్ళు తరువాత కుదురుకుంటాయి అన్నాడు. చెప్పిన ధరకంటే తక్కువకే ఇస్తానన్నాడు కూడా. ఎందుకు తగ్గిస్తున్నావని అడిగే బుద్ధి నాకు పుట్టలేదు. బేరంలో నేనే గెలిచాననుకుని అతని చెయ్యి పట్టుకుని ఊపాను. అదే తల్లికి పుట్టిన ఇంకో గుర్రాన్ని రెండేళ్ళ కిందట సూది వేయించి చంపించేశాడని మాకు చాలా తరువాత తెలిసింది. అడిగితే, మీరు అడగలేదుగా అన్నాడు. వాడి మీద నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. కానీ వాడు ఈ కథలో చిన్న దోషి.

ఇక నా జర్మన్ గురించి చెప్పాలి. నేను సాయంత్రం క్లాసులకు పోయి, బీ వన్ పరీక్ష రాసి, సర్టిఫికెట్ తెచ్చుకున్నవాణ్ణి. ఆఫీసులో అంతా ఇంగ్లీషే కాబట్టి ఆ జర్మన్ ఎక్కడా అక్కరకు రాదు. అందుకే దొరికిన చోటల్లా వాడేవాణ్ణి. ఇల్లు మారినప్పుడు అన్మెల్డుంగ్ కోసం ఊరి ఆఫీసుకు వెళ్ళాం. కొత్త అడ్రసు రాయించుకునే పని అది. అప్పుడు మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. నేను కిటికీ ముందు నిలబడి మాట్లాడుతుంటే అమ్మాయి మధ్యలో దూరి, ఆ మాట ముందు "డెర్" కాదు "డీ" రావాలని దిద్దింది. కిటికీ అవతలి మనిషి నవ్వింది. మంచి నవ్వే, ముద్దుగా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. తిరుగు ట్రామ్‌లో అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను.

"బయటోళ్ల ముందట నాన్న మాటకు అడ్డం రావద్దు. తప్పున్నా సరే. ఇంటికొచ్చినంక ఎన్నైనా చెప్పు, వింట. బయట మాత్రం వద్దు. మనోళ్లల్ల అట్ల చెయ్యరు."

అమ్మాయి తల ఊపింది. ఆ తరువాత ఒక్కసారి కూడా నన్ను బయట దిద్దలేదు. నేను ఎంత తప్పు మాట్లాడుతున్నా కిందికి చూస్తూ నిలబడేది. ఇక్కడే పుట్టి పెరిగినా మన పద్ధతి మరిచిపోలేదని నలుగురిలో చెప్పుకుని మురిసిపోయాను.

గుర్రం వచ్చిన ఏడాది సెప్టెంబరులో కొట్టం యజమానురాలు నన్ను పక్కకు పిలిచింది. చూడండి, నిలబడినప్పుడు వెనక కాళ్ళు ఎడంగా పెట్టుకుంటోంది అంది. చూస్తే నిజమే. పడవలో నిలబడ్డవాడిలా నాలుగు కాళ్ళూ చాపుకుని నిలబడింది. తిప్పితే వెనక భాగం ఎటో ఊగిపోయేది. నేల మీది దుంగ దాటాలంటే గిట్ట తగిలించుకునేది. కళ్ళలో కూడా ఇదివరకటి అల్లరి లేదు. మా అమ్మాయి దగ్గరకు పోతే మాత్రం మూతి తెచ్చి ఆమె భుజం మీద పెట్టేది.

పశువుల డాక్టరమ్మ వచ్చింది. అమ్మాయి ఆ పూట బడిలో ఉంది, నేనే తాడు పట్టుకున్నాను. గుర్రాన్ని చిన్న గుండ్రంగా తిప్పించింది, నడుస్తుండగా తోక పట్టి పక్కకు లాగి చూసింది. గుర్రం ఆ చిన్న లాగుడికే ఒరిగిపోయింది. రక్తం తీసుకుని, రిపోర్టు వచ్చాక మాట్లాడదాం అని వెళ్ళిపోయింది. పోతూ పోతూ, మీ జర్మన్ చాలా బాగుంది అంది. ఆ ఒక్క మాట నేను నెల రోజులు దాచుకున్నాను.

అక్టోబరులో ఒక సాయంత్రం ఆమె ఫోన్ చేసింది. ఒక కొట్టం నుంచి ఇంకో కొట్టానికి కారులో పోతూ మాట్లాడుతోంది. మా అమ్మాయి వంటింటి బల్ల దగ్గర హోంవర్కు చేసుకుంటోంది. ఫోనులో ఎవరో తెలియగానే, ఇటివ్వు అన్నట్టు చెయ్యి చాచింది. నేను అరచెయ్యి చూపించి ఆగమన్నాను. నాకు జర్మన్ వచ్చు.

డాక్టరమ్మ చెప్పింది నాకు నిజంగానే చాలావరకు అర్థమైంది. కొన్ని గుర్రాలకు వంశంలోనే ఒక నరాల జబ్బు దిగుతుందట. వెన్నుపాములో నరాల పోగులు కొద్దికొద్దిగా చెడిపోతాయి. అదే జబ్బని బతికుండగా తేల్చి చెప్పే పరీక్ష లేదు, చనిపోయాక మెదడూ వెన్నుపామూ కోసి చూస్తేనే తెలుస్తుంది. అలాంటి వంశంలో పుట్టిన గుర్రానికి చిన్న వయసులో ఒక విటమిన్ తక్కువైతే జబ్బు బయటపడి ముదురుతుంది. ఆ విటమిన్ పచ్చగడ్డిలో దండిగా ఉంటుంది. గడ్డి ఎండితే పోతుంది. మా వైపు రైన్ నది పక్క నేల అంతా ఇసుక, గుర్రాలకు ఏడాదిలో ఎక్కువ కాలం ఎండుగడ్డే గతి. మీ గుర్రం రక్తంలో ఆ విటమిన్ బాగా తక్కువగా ఉంది, సహజమైన రకం తెప్పించి రోజూ ఎక్కువ మోతాదులో వేయండి, బాగవుతుందని మాట ఇవ్వలేను గాని ఎదిగే గుర్రం కదా, కొన్నిటిలో అక్కడితో ఆగుతుంది, ఏప్రిల్‌లో గడ్డి వచ్చే దాకా చూద్దాం అంది.

విటమిన్ పేరు కూడా చెప్పింది. "వీటమీన్ ఏ" అంది. కాగితం మీద తెలుగులో గబగబా రాసుకున్నాను: విటమిన్ ఏ, సహజం, రోజూ.

జర్మన్ రానివాళ్ళకు ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. ఇంగ్లీషులో మనం ఏ అనే అక్షరాన్ని వీళ్ళు ఆ అంటారు. మనం ఈ అనేదాన్ని వీళ్ళు ఏ అంటారు. మొదటి రోజు క్లాసులోనే నేర్పిస్తారు. మేమందరం నవ్వుకుంటూ మా పేర్ల అక్షరాలు చదువుకున్నాం. అంత తెలిసీ, ఆ సాయంత్రం నా చెవికి ఏ అంటే చిన్నప్పటి ఏ గానే వినిపించింది. పైగా పచ్చగా ఉన్నదాంట్లో ఉండేది విటమిన్ ఏ అని మూడో తరగతిలో బట్టీ పట్టినవాణ్ణి. ఆమె చెప్పింది విటమిన్ ఈ.

ఫోన్ పెట్టేసి, "విటమిన్ ఏ తక్కువున్నదట" అని ఇంట్లో చెప్పాను. మా ఆవిడ, "అయితే క్యారెట్లు పెట్టుండ్రి మరి" అంది. అమ్మాయి "ఓకే" అంది. అమ్మాయిది జర్మన్ చెవి. నేను ఏ అంటే ఆమెకు సరిగ్గా డాక్టరమ్మ చెప్పిన అక్షరమే వినిపించింది. నాలుగు నెలలు ఒకే ఇంట్లో ఒకే మాట అనుకుంటూ ఇద్దరం రెండు వేరే అక్షరాలు తలుచుకున్నాం. తప్పు పట్టుకునే దారే లేకపోయింది.

ఆన్‌లైన్‌లో వెతికి, గుర్రాలకని అమ్మే సహజమైన విటమిన్ ఏ పొడి తెప్పించాను. డబ్బా మీద క్యారెట్ బొమ్మ ఉంది. గుర్రం, క్యారెట్, ఇంకేం కావాలి? డబ్బా కింద కెల్లర్‌లో, అంటే నేలమాళిగలో, పెట్టి, వారానికి సరిపడా పొడి చిన్న చిన్న టిఫిన్ డబ్బాల్లో కొలిచి అమ్మాయికి ఇచ్చేవాణ్ణి. అమ్మాయి బడి నుంచి రాగానే సైకిలు మీద కొట్టానికి పోయి, దాణాలో కలిపి, గుర్రం ఆఖరి పలుకు నాకే దాకా పక్కనే నిలబడేది. ఒక్క రోజు మానలేదు. జ్వరం వచ్చినా పోయింది.

కొద్ది రోజులకు ల్యాబు నుంచి కాగితం పోస్టులో వచ్చింది. జర్మన్ ఉత్తరాలన్నిటినీ ఇక్కడ ఏం చేస్తారో అదే చేశాను. రెండు చిల్లులు పొడిచి ఓర్డ్‌నర్ ఫైల్లో తగిలించాను. చదవలేదు. చదివితే అందులో ఆ అక్షరం అచ్చులో ఉంది.

ఫిబ్రవరికి గుర్రం ఇంకా పాడైంది. రెండుసార్లు నిలబడ్డ చోటే వెనక్కి కూలబడింది. అప్పుడే మా అమ్మాయి బడిలో తన గుర్రం జబ్బు గురించి మాట్లాడతానని టీచరుకు చెప్పింది. ఒక శనివారం పొద్దున ఓర్డ్‌నర్ తీసి ల్యాబు కాగితం ముందేసుకుని రాసుకుంటోంది. మందు డబ్బా ఫొటో కావాలని కెల్లర్‌లోకి దిగింది. పైకి వచ్చేసరికి డబ్బా చేతిలో ఉంది, మొహంలో రంగు లేదు.

"డాడీ, దస్ ఇస్ట్ ఆ," అంది.

"ఏంది?"

"దీని మీద ఆ అని ఉన్నది. కాగితం మీద ఏ. నువ్వు ఏది కొన్నవ్?"

నేను రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. డబ్బా మీద A, కాగితం మీద E. చూస్తూనే ఉన్నాను. చెవిలో డాక్టరమ్మ గొంతు స్పష్టంగా వినిపించింది, కారు ఇంజిన్ చప్పుడుతో సహా. అప్పటికప్పుడు సరైనది ఆర్డరు పెట్టాను. బుధవారానికి వస్తుందని చూపించింది. తరువాత చదివితే తెలిసింది, విటమిన్ ఏ మరీ ఎక్కువైతే ఉన్న కాస్త విటమిన్ ఈ కూడా ఒంటికి పట్టడం తగ్గుతుందట. నేను ఊరికే కూర్చున్నా అంతకంటే మేలు జరిగేది.

అమ్మాయి ఏడవలేదు. "డాక్టర్‌కు ఫోన్ చేద్దాం," అంది.

"మంగళవారం ఆమె చూడనీకి వస్తది కదా. నేనే చెప్త. నువ్వు ఎవ్వరికీ చెప్పకు, మమ్మీకి గూడ. నేను చెప్త."

"పక్కానా?"

"పక్కా."

మంగళవారం మధ్యాహ్నం అమ్మాయి సగం బడి మానేసి వచ్చింది. కొట్టం ముందు వాకిట్లో డాక్టరమ్మ, యజమానురాలు, గుర్రాలు చూసుకోవడానికి వచ్చిన ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు ఉన్నారు. అమ్మాయి తాడు పట్టుకుంది. డాక్టరమ్మ మళ్ళీ తిప్పించింది, తోక లాగింది, తల పైకెత్తించి నడిపించింది. గుర్రం కాళ్ళు తనవి కానట్టు వేసింది. ఆమె చేతులు తుడుచుకుంటూ నా వైపు తిరిగింది.

"విటమిన్ ఆపకుండా ఇచ్చారు కదా?"

నిజం నోటిదాకా వచ్చింది. శనివారం నుంచి ఆ వాక్యాన్ని జర్మన్‌లో కూర్చుకుంటూనే ఉన్నాను. సైకిలు మీద కూడా చెప్పుకుంటూ వచ్చాను. కానీ వాకిట్లో నలుగురు తెల్లవాళ్ళు నా నోటి వైపు చూస్తున్నారు. విటమిన్ పేరు కూడా సరిగ్గా వినలేని ఇండియన్ అని రేపు కొట్టమంతా చెప్పుకుంటారు. నీ జర్మన్ బాగుందని మెచ్చిన మనిషి ముందే చెప్పాలి.

"యా," అన్నాను. "యేడెన్ టాగ్."

అవును, ప్రతి రోజూ.

అబద్ధం కాదని అక్కడే నాకు నేను చెప్పుకున్నాను. ఆమె విటమిన్ అని అడిగింది, నేను విటమినే ఇచ్చాను, ప్రతి రోజూ ఇచ్చాను. ఇంత తెలివి నాకు అక్టోబరులో ఎక్కడ చచ్చిందో తెలియదు.

డాక్టరమ్మ కాసేపు గుర్రం మెడ నిమిరింది. అయితే ఇక ఆగడంలో అర్థం లేదు అంది. నాలుగు నెలలు పూర్తి మోతాదు పడ్డాక కూడా ఇలా దిగజారిందంటే వంశపు జబ్బు ముదిరిపోయిందనే అర్థం. అసలు ఇవ్వకపోయి ఉంటే ఇంకో రెండు నెలలు, గడ్డి మొలిచే దాకా, ఇచ్చి చూద్దామనే దాన్ని. కానీ ఇచ్చారు కదా. ఇది ఇలాగే ఉంటే ఒకరోజు మీ అమ్మాయి మీద పడిపోతుంది. గురువారం వచ్చి సూది వేస్తాను.

నేను అమ్మాయి వైపు చూశాను. అమ్మాయి నా వైపే చూస్తోంది. ఒక నిమిషం పైగా చూసింది. ఆమెకు జర్మన్ నాకంటే వందరెట్లు బాగా వచ్చు, ఒక్క వాక్యం చాలు. తరువాత కళ్ళు దించి నేలకేసి చూడటం మొదలుపెట్టింది. తప్పున్నా సరే అని ట్రామ్‌లో నేను చెప్పిన మాట ఆ పిల్ల అక్షరం పొల్లుపోకుండా పాటించింది.

ఇంటికొచ్చాక ఎన్నైనా చెప్పు అన్నాను కదా, ఇంటికొచ్చాక కూడా అమ్మాయి ఏమీ చెప్పలేదు. మా ఆవిడ విషయం విని ఏడ్చి, "నువ్వేం చేస్తవ్, చేయగలిగినంత చేసినవ్" అని నా వీపు నిమిరింది. అమ్మాయి అక్కడే ఉంది.

బుధవారం పార్సెల్ వచ్చింది. సాయంత్రం అన్నానికి కూర్చుంటే అమ్మాయి ఆ డబ్బా తెచ్చి నా కంచం పక్కన పెట్టింది. సీలు తీయలేదు. కంచంలోకి చూస్తూ అన్నం కలుపుతున్నాను. ఇంకా ఒక రాత్రి ఉంది. డాక్టరమ్మ నంబరు నా ఫోనులో ఉంది.

"ఇంకెందుకు బిడ్డా," అన్నాను. "డాక్టర్ చెప్పింది కదా, ఫాయిదా లేదని."

నా గొంతు నాకే అసహ్యం వేసింది. అయినా అన్నాను. అమ్మాయి డబ్బా తీసుకుని లేచి పోయింది.

గురువారం గురించి ఎక్కువ రాయలేను. చలిగా, ఎండగా ఉంది. అమ్మాయి గుర్రం జూలు దువ్వి, గిట్టలు శుభ్రం చేసి, బయటికి నడిపించింది. డాక్టరమ్మ ముందు కొంచెం రక్తం తీసింది. తరువాత సూది వేసింది. కూలేటప్పుడు దూరం జరగమంటే అమ్మాయి జరిగింది, నేలకు తగలగానే పోయి తల దగ్గర కూర్చుంది. నేను కొట్టం గోడ అవతల ఉన్నాను. చూడలేకపోయాననే చెప్పాను అందరికీ. నిజానికి అమ్మాయి కళ్ళలో పడకూడదని దాక్కున్నాను.

మెదడూ వెన్నుపామూ పరీక్షకు పంపారు. మూడు వారాలకు డాక్టరమ్మ ఫోన్ చేసింది. అనుకున్న జబ్బే. మీరేం చేసినా బహుశా ఇదే జరిగేది, మనసు కష్టపెట్టుకోకండి అంది. బహుశా అంది. ఆ మాట పట్టుకుని నేను ఎన్ని రోజులు వేలాడానో. తరువాత ఇంకో మాట చెప్పింది. ఆఖరి రోజు తీసిన రక్తంలో కూడా విటమిన్ ఈ అడుగంటి ఉందట. నాలుగు నెలలు అంత మోతాదు తిన్న గుర్రంలో ఇలా ఉండటం వింత, అంటే ఈ వంశంలో పైనుంచి ఇచ్చినా ఒంటికి పట్టదేమో, తెలుసుకోవలసిన విషయమే ఇది, ఆ రైతుకూ చెప్పాను, నా పుస్తకంలోనూ రాసుకున్నాను అంది.

"ఆఖ్ జో," అన్నాను. ఓహో అలాగా అని.

నా తప్పు తప్పుగా కూడా మిగలలేదు. అది డాక్టరు రాసుకున్న నిజమైపోయింది. అప్పుడైనా నోరు తెరవవలసింది. గుర్రం పోయింది, ఇక ఎవరికి నష్టం అనుకున్నాను. పరువు దక్కింది అని కూడా అనుకున్నాను, దాచుకోవడం ఎందుకు.

మే నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. నేనూ అమ్మాయీ వంటింట్లో ఉన్నాం. నేను చిక్కుళ్ళు ఒలుస్తున్నాను, అమ్మాయి ఏదో చదువుకుంటోంది. ఫోనులో ఒక ఆడమనిషి, వయసు మళ్ళిన గొంతు. మా గుర్రం తల్లికే పుట్టిన ఏడాది వయసు ఆడ గుర్రప్పిల్ల తన దగ్గర ఉందట. డాక్టరమ్మను అడిగి నా నంబరు తీసుకుందట. పిల్ల ఇంకా బాగానే నడుస్తోంది, కానీ మీ గుర్రం సంగతి విన్నప్పటి నుంచి భయంగా ఉంది అంది. విటమిన్ ఈ మొదలుపెడదామని తెచ్చాను. మీరు నాలుగు నెలలు ఇచ్చినా ఏమీ పట్టలేదని రైతు చెప్పాడు, దండగ అన్నాడు. నిజమేనా? నిజమే అయితే ఊరికే పిల్లను ఎందుకు బాధపెట్టడం, మానేస్తాను. మీ నోటితో చెబితే నమ్ముతాను.

నేను అమ్మాయి వైపు చూశాను. ఫోనులో గొంతు పెద్దది, అంతా వినిపిస్తోంది. అమ్మాయి పుస్తకంలోంచి తల ఎత్తలేదు. పేజీ కూడా తిప్పలేదు.

"నైన్," అన్నాను. "కాదు."

తరువాత మొత్తం చెప్పాను. ఆగి ఆగి, మాటలు వెతుక్కుంటూ, డెర్‌లూ డీలూ తప్పుతూ చెప్పాను. మా గుర్రానికి విటమిన్ ఈ ఒక్క రోజు కూడా పడలేదని. నేను అక్షరం తప్పు విన్నానని, నాలుగు నెలలు ఏ వేశానని. తెలిసిన తరువాత కూడా డాక్టరుకు చెప్పలేదని. రూపం మారిపోయే వంకర క్రియల పట్టీ ఒకటి బీ వన్ కోసం బట్టీ పట్టాను, అందులో అబద్ధమాడటానికి మూడు రూపాలు ఉంటాయి. ఆ మూడోది జీవితంలో మొదటిసారి వాడాను. "ఇష్ హాబె గెలోగెన్." నేను అబద్ధం చెప్పాను. మీ పిల్లకు మానవద్దు, ఇవాళే మొదలుపెట్టండి, డాక్టరుకు రేపు పొద్దున్నే నేనే ఫోన్ చేసి చెబుతాను అన్నాను.

ఆమె, చెప్పినందుకు థాంక్స్ అంది, పొడిగా. ఫోన్ పెట్టేసింది.

లోపల ఎక్కడో తేలికైంది. ఎంతో కొంత మనిషిననిపించుకున్నాననుకున్నాను. ఆ తేలిక మొహంతోనే అమ్మాయి వైపు తిరిగాను. ఏమంటుందో అని కాదు, ఏదో ఒకటి అంటుందని. ఫిబ్రవరి నుంచి ఆమె నాతో అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు.

అమ్మాయి పుస్తకం మూసింది. నా వైపు చూసి, తెలుగులోనే, నెమ్మదిగా అడిగింది.

"అంటే ఆ రోజు గూడ నీకు ఇంత జర్మన్ వచ్చు కదా, డాడీ?"